గుర్తు తప్పితే నిధి ఎవరిది?

పాళీ బౌద్ధ సాహిత్యంలోని ఖుద్దకపాఠంలో నిధికండ సుత్తం అనే చిన్న భాగం ఉంది. అందులో ఒకాయన నీళ్లు ఊరేంత లోతున గొయ్యి తవ్వి సొమ్ము దాచిపెడతాడు. రాజుకు కోపం వస్తే, దొంగల చేత చిక్కితే, అప్పు మీద పడితే, కరువొస్తే ఆ సొమ్ము ఆదుకుంటుందని ఆయన ఆశ. అంత లోతున దాచినా అది అక్కరకు వస్తుందన్న భరోసా లేదంటుంది సుత్తం. ఎందుకు లేదో కూడా చెబుతుంది. సొమ్ము ఉన్నచోటు నుంచి జరిగిపోవచ్చు. దాచినవాడికే గుర్తులు తప్పిపోవచ్చు. నాగులు లాక్కుపోవచ్చు, యక్షులు ఎత్తుకుపోవచ్చు. అదీ కాదంటే, ఆయనకు గిట్టని వారసులు ఎవరి కంటా పడకుండా తవ్వుకుపోవచ్చు.

క్రిప్టోకరెన్సీని కొత్తగా కొని పది, ఇరవై ఏళ్లు కదపకుండా ఉంచాలనుకునేవాళ్ల ప్రశ్నలు దాదాపుగా ఈ జాబితాలోనే ఉన్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, నెలనెలా కొంత బిట్‌కాయిన్ కొని, పసిపాప పెద్దదయ్యేనాటికి అందిద్దామనుకునే ఒక తండ్రిని ఊహించుకుందాం. దాచడానికి కొన్న ఈ పరికరం పదేళ్ల తర్వాత కూడా పనిచేస్తుందా? తయారుచేసిన కంపెనీ మూతపడితే? రాసిపెట్టుకున్న రహస్యపు మాటలు పోతే? ఏదో ఒక కొత్త యంత్రం వచ్చి అసలు ఈ లెక్కనే ఛేదిస్తే? నాకేమన్నా అయితే ఇంట్లోవాళ్లకు ఎలా చేరుతుంది? ప్రతిదానికీ సాంకేతికమైన జవాబు దొరుకుతుంది. చాలావాటికి మంచి జవాబే దొరుకుతుంది. అన్నీ విన్నాక కూడా ఆ తండ్రి మనసు కుదుటపడదు. ఆ ప్రశ్నల అడుగున మతాలూ దర్శనాలూ ఎంతోకాలంగా తర్కిస్తున్న ప్రశ్న ఒకటి ఉంది: మనిషి తన జ్ఞాపకం కంటే, తన ఆయుష్షు కంటే ఎక్కువకాలం ఒకదాన్ని కాపాడగలడా? కాపాడాలంటే ఎవరిని నమ్మాలి?

ముందు, దాస్తున్నదేమిటో తేల్చుకోవాలి. బిట్‌కాయిన్ ఏ పెట్టెలోనూ ఉండదు. సతోషి నకమోటో అన్న పేరుతో 2008 అక్టోబరు 31న ఒక పత్రం వెలువడింది. 2009 జనవరి 3న ఒక చిట్టా మొదలైంది. ఆ చిట్టా ఇవాళ ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకేలా నకలై ఉంది. ఏ నాణెం ఏ తాళం కింద ఉందో అందరికీ కనబడేలా అందులో రాసి ఉంటుంది. ఇంట్లో ఉండేది తాళంచెవి మాత్రమే, ఆ తాళంచెవి కూడా ఒక సంఖ్యే. దాన్ని గుడ్డిగా ఊహించాలంటే 1 పక్కన 77 సున్నాలు పెట్టినన్ని సంఖ్యల్లో వెతకాలి. సుత్తంలోని మొదటి భయం, సొమ్ము దానంతటదే జరిగిపోతుందన్నది, ఇక్కడ దాదాపు లేదు. తక్కినవన్నీ ఉన్నాయి.

ఆ సంఖ్యను మనిషి చేత్తో రాసుకునేలా 2013లో ఒక పద్ధతి వచ్చింది. 2,048 ఇంగ్లిషు మాటల పట్టిక అది. ‘అబాండన్’తో మొదలై ‘జూ’తో ముగుస్తుంది. తాళంచెవిని దాచే పరికరం మొదటిసారి ఆన్ చేయగానే ఆ పట్టికలోంచి 12 గానీ 24 గానీ మాటలు ఒక వరసలో చూపిస్తుంది. పెట్టెలో వచ్చిన కార్డు మీద అంకెలు వేసిన ఖాళీ గీతలుంటాయి. కొన్నవాడు బాల్‌పెన్నుతో ఒక్కొక్క మాటా దాని గీత మీద రాసుకోవాలి. వరస మారకూడదు. పట్టికను ఎంత జాగ్రత్తగా కూర్చారంటే, ప్రతి మాటకూ మొదటి నాలుగు అక్షరాలు చాలు, మరో మాటతో పొరబడే వీలుండదు. చివరి మాటలో కొంత భాగం తక్కిన మాటల సరిచూపు. ఎక్కడైనా మాట తప్పు పడితే చాలాసార్లు పరికరమే పట్టేస్తుంది. ఇంతా చేశాక, ఆ కార్డు ఉంటే పరికరం పాడైనా పరవాలేదు, కంపెనీ మూతపడినా పరవాలేదు. అదే పద్ధతిని పాటించే మరో పరికరంలో ఆ మాటలు ఎక్కిస్తే నాణేలు మళ్లీ చేతికొస్తాయి. కొత్తవాళ్లకు ఉండే భయాల్లో రెండు ఇక్కడితో తీరిపోతాయి. భారమంతా ఆ కార్డు మీదికి మళ్లుతుంది.

కార్డు కాగితం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. బీరువాల్లో భద్రంగా ఉన్నాయనుకున్న పత్రాలు ముద్దయిపోయాయి. అందుకే తెలిసినవాళ్లు ఉక్కు పలక కొని, సుత్తీ అక్షరాల అచ్చులూ తీసుకుని ఆ మాటలు దాని మీద కొట్టుకుంటారు. మాటకు నాలుగు అక్షరాలు చాలు కాబట్టి 24 మాటలకు మహా అయితే 96 దెబ్బలు. ఆ పలక నీళ్లకు చెదరదు, మామూలు ఇంటి మంటలకు కరగదు. పెన్‌డ్రైవులో ఉంచితే చాలదా అని అడుగుతారు. చాలదు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అందులోని సమాచారం నెమ్మదిగా చెరిగిపోవచ్చు. కంప్యూటర్లను నమ్ముకుని పుట్టిన ఈ సొమ్ముకు ఇరవై ఏళ్ల కాపలా కావాలంటే శాసనాలు చెక్కించిన పాత రాజుల పద్ధతే ఇప్పటికీ మెరుగు.

ఉక్కు చెదరదు సరే, మనిషి చెదురుతాడు. వేల్స్‌లోని న్యూపోర్ట్ పట్టణంలో జేమ్స్ హవెల్స్ అనే ఐటీ ఉద్యోగి తొలిరోజుల్లోనే బిట్‌కాయిన్లు సంపాదించాడు. 2013లో ఇల్లు సర్దుతుండగా రెండు హార్డ్ డ్రైవులు కనబడ్డాయి. పారేయాల్సినదానికి బదులు ఉంచాల్సినది చెత్తలోకి వెళ్లింది. అందులో సుమారు 8,000 బిట్‌కాయిన్ల తాళంచెవి ఉంది. ఊరి చెత్తదిబ్బ తవ్వుకోనివ్వమని ఏళ్ల తరబడి కౌన్సిల్‌ను బతిమాలాడు, కోర్టుకెళ్లాడు. 2025 జనవరిలో హైకోర్టు ఆయన దావాను కొట్టేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్‌ది ఇంకో రకం కష్టం. 2011లో బిట్‌కాయిన్ గురించి వీడియో చేసిపెట్టినందుకు ఆయనకు ముట్టినవాటిలో 7,002 నాణేలు ఒక ఐరన్‌కీ డ్రైవులో ఉన్నాయి. పాస్‌వర్డు రాసిన కాగితం పోయింది. ఆ డ్రైవు పదిసార్లు తప్పు కొడితే లోపలున్నదాన్ని శాశ్వతంగా మూసేస్తుంది. 2021 జనవరిలో ఆయన కథ బయటికొచ్చేనాటికి ఎనిమిది అయిపోయాయి. ఎవరి బ్యాంకు వాళ్లే కావాలన్న ఆలోచన మీద తనకే నమ్మకం సడలిందని ఆయన అప్పుడు చెప్పాడు.

ఈ ఇద్దరినీ అజాగ్రత్తపరులని పక్కకు నెట్టేయడం తేలిక, కానీ న్యాయం కాదు. దాచినవాడూ వెతికేవాడూ ఒకడేనా? పాళీ గ్రంథం మిలిందపన్హలో రాజు మిలిందుడు భిక్షువు నాగసేనుణ్ని దాదాపు ఇదే ప్రశ్న అడుగుతాడు: పుట్టినవాడూ పెరిగినవాడూ ఒకడేనా, వేరా? ఒకడూ కాడు, వేరూ కాడు అంటాడు నాగసేనుడు. మామూలు రోజుల్లో ఆ జవాబు పండితుల చర్చగానే ఉండిపోతుంది. పాస్‌వర్డు అడిగే తెర ముందు అది కళ్లకు కడుతుంది. 2011లో ఆ కాగితం ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన మనిషికి 2021 నాటి మనిషి తెలియదు. ఇరవై ఏళ్ల భద్రత కోరేవాడు నమ్ముతున్నది తనను కాదు, తన తర్వాత వచ్చే తనను.

మనల్ని మనం నమ్ముకోలేకపోతే ఇతరులకు అప్పగిద్దామా? ఆ దారిలో జరిగినవీ తక్కువేం కాదు. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014 ఫిబ్రవరిలో దివాళా తీసింది. సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయన్నారు. తర్వాత రెండు లక్షలు దొరికాయి. నష్టపోయినవాళ్లకు బిట్‌కాయిన్ల రూపంలో చెల్లింపులు మొదలైంది 2024లో. భారతదేశంలో వజీర్‌ఎక్స్ నుంచి 2024 జులై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు పోయాయి. వాటిని ఉంచిన ఖాతాకు ఒకటికి మించిన సంతకాలు కావాలి, అయినా పోయాయి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఎథీరియం పోయింది. దాని వెనక ఉత్తర కొరియా ఉందని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. అన్నిటికంటే విచారించదగ్గ కథ కెనడా ఎక్స్ఛేంజి క్వాడ్రిగాది. దాని అధిపతి జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌కు వచ్చి అక్కడే చనిపోయాడు. సొమ్ము తాళాలు ఆయన ఒక్కడికే తెలుసని ఖాతాదారులకు చెప్పారు. తీరా చూస్తే ఆ ఖజానాలు ముందే ఖాళీ. 2020లో అంటారియో సెక్యూరిటీస్ కమిషన్ విచారణలో అదంతా మోసమని తేలింది. సుత్తంలోని నాగులూ యక్షులూ ఇవాళ ఏ రూపంలో ఉంటారో ఈ పేర్లు చెబుతాయి.

మూడో మనిషిని నమ్మనక్కర్లేకుండా చేయడం సతోషి పత్రం ఇచ్చిన మాట. చిట్టా వరకూ ఆ మాట నిలబడింది. 2009 నుంచి ఇప్పటిదాకా దొంగలెక్క ఏదీ అందులో నిలవలేదు. దాచే దగ్గరకొచ్చేసరికి నమ్మకం తొలగిపోలేదు, చోటు మారింది. పరికరం తయారుచేసినవాణ్ని నమ్మాలి. మాటలు ఎంచిపెట్టే ప్రోగ్రాము నిజంగా యాదృచ్ఛికంగా ఎంచుతోందని నమ్మాలి. లిబ్‌బిట్‌కాయిన్ అనే సాధనంలో ఆ ఎంపిక చాలా బలహీనంగా ఉందని 2023లో బయటపడింది. దానితో మాటలు తయారుచేసుకున్నవాళ్ల తప్పు ఏమీ లేకుండానే సొమ్ము పోయింది. ఇవన్నీ దాటాక ఇంట్లోవాళ్లను నమ్మాలా వద్దా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇక్కడే సలహాలన్నీ ఒకదాన్ని ఒకటి కొట్టుకుంటాయి.

ఎవరికీ చెప్పొద్దనేది మొదటి సలహా. దానికి కారణం ఉంది. పరికరాల కంపెనీ లెడ్జర్ దగ్గరి నుంచి సుమారు 2,72,000 మంది కొనుగోలుదారుల పేర్లూ చిరునామాలూ 2020లో బయటపడ్డాయి. ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన డేవిడ్ బలాన్‌ను 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో ఇంటి నుంచి ఎత్తుకెళ్లి, డబ్బు కోసం వేలు నరికారు. గణితం ఎంత గట్టిదైనా దాని వెనక ఉన్నది మనిషి ఒళ్లే. కాబట్టి మౌనం మంచిదే. కానీ ఆ మౌనాన్ని చివరిదాకా పాటిస్తే జరిగేది లంకెబిందెల కథే. పెరట్లో బిందెలు ఉన్నాయని తాతకు తెలుసు, చెప్పకుండానే పోయాడు. తర్వాత మూడు తరాలు గోడలు తవ్వాయి. ఆ మనవలకైనా తవ్వితే దొరుకుతుందన్న ఆశ ఉండేది. 24 మాటలు పోతే తవ్వడానికి చోటే లేదు.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ తన ఆస్తిని ఇద్దరు భార్యలకు పంచుతానంటాడు. ఈ భూమంతా ధనంతో నిండి నాదైనా దానితో నాకు అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదు, కలిగినవాళ్లు బతికినట్టు బతుకుతావు, అంతే అంటాడాయన. అయితే నాకెందుకని ఆమె ధనాన్ని వదిలి జ్ఞానం కోరుతుంది. శతాబ్దాలుగా వ్యాఖ్యానాలూ ఉపన్యాసాలూ మైత్రేయి వెంటే నడిచాయి. అది న్యాయమే, ఆమె అడిగిన ప్రశ్న అంతటిది. దీర్ఘకాల భద్రత గురించి ఆలోచించే ఎవరైనా తన కాపలాకు ఎంత జీవితం ఖర్చవుతోందో ఆమెను తలుచుకుని లెక్క చూసుకోవాలి. రోజుకు పదిసార్లు ధర చూస్తూ, రాత్రి లేచి బీరువా తడుముకునేంత సొమ్మును అలా ఉంచుకోవడం ఎవరికీ మంచిది కాదు.

కానీ మరో భార్య కాత్యాయని సంగతి? ఆస్తితో మిగిలేది ఆమె. ఆమె దగ్గర ఎవరూ ఆగరు. ఆ కథలో గమనించాల్సింది ఒకటుంది: పంపకం యాజ్ఞవల్క్యుడు బతికుండగానే, మాట్లాడుకునేంత దూరంలో ఉండగానే మొదలైంది. వెళ్లేవాడు చెప్పి వెళ్లాడు. కొత్తగా కొన్న ఆ తండ్రి ఇంట్లో కూడా ఒక కాత్యాయని ఉంటుంది. భార్య కావచ్చు, అమ్మ కావచ్చు. ఆయన దాస్తున్నది ఆమె కోసమూ బిడ్డ కోసమూ అయితే, ఆమెకు చేరని భద్రత ఎవరి భద్రత?

బిట్‌కాయిన్ చరిత్రలో దీన్ని గురించి గంభీరంగా ఆలోచించిన తొలివాళ్లలో హాల్ ఫినీ ఒకడు. 2009 జనవరిలో సతోషి పంపిన మొట్టమొదటి పది నాణేలు అందుకున్న ప్రోగ్రామర్ ఆయన. అదే ఏడాది ఆయనకు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు బయటపడింది. ఒళ్లు ఒక్కో భాగంగా కదలిక కోల్పోతుండగా కంటి చూపుతో నడిచే యంత్రం సాయంతో 2013లో తన అనుభవాన్ని రాశాడు. నాణేలను బ్యాంకు లాకర్లో పెట్టానని, కొడుక్కూ కూతురుకూ కంప్యూటర్లు బాగా తెలుసని, భద్రంగానే ఉన్నాయని అనుకుంటున్నానని అందులో చెప్పాడు. 2014 ఆగస్టులో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని అరిజోనాలో అతిశీతలంలో భద్రపరిచారు. తన దేహం విషయంలో అంత సుదూరమైన ఆశ పెట్టుకున్న మనిషి కూడా సొమ్ము విషయంలో పిల్లల మీదే ఆధారపడ్డాడు. ఆయన జవాబులో సాంకేతికత సగమే, తక్కిన సగం బిడ్డలు.

వెళ్లేముందే ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచడం ఇస్లాంలో విధిగా ఉంది. పంచాల్సింది ఏదైనా ఉన్న ముస్లిం వీలునామా రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపకూడదన్న ప్రవక్త బోధ సహీహ్ బుఖారీలో కనిపిస్తుంది. మన చట్టం ఇక్కడ కొంతవరకే ఆదుకుంటుంది. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టోకరెన్సీ ఆస్తేనని, ఒకరి తరఫున మరొకరు ట్రస్టుగా ఉంచదగినదని చెప్పింది. ఎక్స్ఛేంజిలో ఉన్న సొమ్మైతే వారసులు కాగితాలతో వెళ్లి అడగొచ్చు. ఇంట్లో 24 మాటల కింద ఉన్నదానికి ఏ కోర్టు ఉత్తర్వూ పనిచేయదు. చిట్టాకు వారసత్వ పత్రం చదవడం రాదు.

రహస్యానికీ వారసత్వానికీ మధ్య ఉన్న ఈ పేచీకి గణితంలో ఒక చక్కని రాజీ ఉంది. 1979లో అడి షమీర్ ఒక రహస్యాన్ని ముక్కలుగా పంచే పద్ధతి కనిపెట్టాడు. మూడు ముక్కలు చేసి, ఏ రెండు కలిసినా రహస్యం బయటపడేలా, ఒక్కటే దొరికితే ఏమీ తెలియకుండా చేయొచ్చు. బిట్‌కాయిన్‌లో అయితే మూడు తాళాల్లో ఏ రెండు సంతకాలైనా చాలనే ఏర్పాటు కూడా ఉంది. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో తమ్ముడి దగ్గర, ఒకటి బ్యాంకు లాకర్లో. ఒక ఇల్లు మునిగినా, ఒక బంధువు మనసు మారినా సొమ్ము పోదు. ఇందులో తమ్ముడి మీద పూర్తి నమ్మకం అక్కర్లేదు, ఉన్నంత నమ్మకం చాలు. కుటుంబాలు నిజంగా బతికేది ఆ మేరకు నమ్మకంతోనే కనుక, ఈ లెక్క మనిషి స్వభావానికి బాగా దగ్గరగా ఉంది.

దానితోపాటు ఒక ఉత్తరం కావాలి. అందులో రహస్యం ఏదీ ఉండకూడదు. ఏముంది, ముక్కలు ఎవరెవరి దగ్గరున్నాయి, సాయం ఎవరినడగాలి, ఆ మాటలు ఏ వెబ్‌సైటులోనూ ఎవరు ఫోన్ చేసి అడిగినా ఎందుకు చెప్పకూడదు – ఇంతే. దాన్ని తెలుగులో రాయాలి. ఆ 2,048 మాటల పట్టికలు జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, పోర్చుగీస్, చెక్ భాషల్లోనూ ఉన్నాయి గానీ తెలుగులో లేదు, ఏ భారతీయ భాషలోనూ లేదు. గుంటూరులో ఉన్న అమ్మకు ఆ పలక మీదివి అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు. పాత ఇనుముల వాడికి వేయకుండా ఉండాలంటే అదేమిటో ఆమెకు తన భాషలో తెలియాలి.

ఇక గణితమే ఓడిపోతే? నాణేల మీద సంతకం పెట్టే పద్ధతిని తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఛేదించగలదని 1994లో పీటర్ షోర్ చూపించిన మార్గం చెబుతోంది. అంతటి యంత్రం ఇంకా రాలేదు. దాన్ని తట్టుకునే కొత్త పద్ధతులను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. బతికున్న యజమానులు తమ నాణేలను కొత్త తాళాల కిందికి మార్చుకోగలరు. చిక్కు వచ్చేది మార్చుకోనివాళ్లతో. సతోషివిగా భావిస్తున్న నాణేలే సుమారు పది లక్షలుంటాయని పరిశీలకుల అంచనా, తొలినాళ్ల నుంచి అవి కదల్లేదు. క్వాంటమ్ యంత్రం మొదట పడేది ఇలాంటి పాత తాళాల మీదే. వాటిని దొంగకు వదిలేయాలా, ముందే స్తంభింపజేయాలా? బిట్‌కాయిన్ నిపుణుడు జేమ్సన్ లాప్, మరికొందరు 2025లో ప్రతిపాదించినదాని ప్రకారం, కొత్త తాళాలు అమల్లోకి వచ్చిన కొన్నేళ్లకు పాత సంతకాలు చెల్లకుండా పోతాయి. మాటలు దగ్గరున్నాయని రుజువు చూపగలిగితే తర్వాతైనా సొమ్ము తిరిగి పొందే దారిని ఒక అవకాశంగా సూచించారు. కదలకపోవడాన్ని వదులుకోవడంగా లెక్కించడం సరికాదు. ఇరవై ఏళ్లు కదపను అనుకుని దాచిన తండ్రి చేసేది కదలకపోవడమే. భారతదేశపు 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం భూమిలో దొరికిన నిధి విషయంలో, దాన్ని దాచి వందేళ్లలోపే అయిందేమోనని విచారించమంటుంది, హక్కుదారులను పిలవమంటుంది. వందేళ్ల ఓపిక చూపిన చట్టం ముందు కొన్నేళ్ల గడువు చాలా తక్కువ. ఆ తిరిగి పొందే దారి లేకుండా స్తంభింపజేస్తే అది దొంగతనాన్ని ఆపడం కాదు, దొంగ కంటే ముందు చేయి వేయడమే. ఆ దారి ఉన్నా అందరికీ అందదు. మాటల పద్ధతి వచ్చింది 2013లో. 2009లో, 2010లో పుట్టిన నాణేల వెనక చూపించడానికి ఆ మాటలే లేవు.